పదమూడు వారాల సీరియల్ నుంచి పదిహేను వందల ఎపిసోడ్ల దాకా

దూరదర్శన్ రోజుల్లో సీరియల్ అంటే 13 వారాలు. వారానికి ఒక్కరోజు, అరగంట. స్పాన్సరు దొరికి, జనానికి నచ్చితే ఇంకో 13 వారాలు పొడిగించేవాళ్లు. మొదలైన కథ ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుందని రాసేవాళ్లకీ తెలుసు, చూసేవాళ్లకీ తెలుసు. ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే నవ్వుతారు. అప్పటికీ ఇప్పటికీ మధ్య తెలుగు సీరియల్‌లో ఆడపాత్ర ఏమైపోయిందన్నదే ఇక్కడి సంగతి.

బెజవాడ, గుంటూరు జనానికి టీవీ రాకముందే నాటకం చెవినపడే అలవాటు ఉంది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది. తర్వాత రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం నాటకం అంటే భోజనాలు ముగించి, అంట్లు సర్ది, ఆడవాళ్లు కాస్త నడుం వాల్చే వేళ. రేడియోలో చీర కనపడదు, బొట్టు కనపడదు. ఆడపాత్ర మంచిదో చెడ్డదో మాటతోనే తేలాలి. కాబట్టి మాట రాయక తప్పేది కాదు. అంతకుముందు స్టేజీ సంగతి చూస్తే, బాపట్ల స్థానం నరసింహారావు గారు మగవాడై ఉండి సత్యభామ వేసి ఆంధ్రదేశాన్ని ఊపేశారు, 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. మగాయన వేసిన ఆ సత్యభామకి ఉన్న పౌరుషంలో పావు వంతు కూడా ఇవాళ ఆడవాళ్లే వేసే హీరోయిన్లకి రాసిపెట్టడం లేదు.

టీవీలు వచ్చిన కొత్తలో మేడ మీద యాంటెన్నా తిప్పుకుంటూ చూసినవి ఎక్కువగా ఢిల్లీ నుంచి వచ్చే హిందీ సీరియళ్లే. సగం అర్థమయ్యేది, మిగతా సగం రాష్ట్రభాష పరీక్ష కట్టిన పిల్ల ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. 1984 జూలైలో ‘హమ్ లోగ్’ మొదలైంది. కుటుంబ నియంత్రణ, ఆడవాళ్ల స్థితి గురించి జనానికి చెప్పడానికే ఆ సీరియల్ తలపెట్టారు. అందులో అన్నీ నోరుమూసుకుని భరించే తల్లి పాత్ర ఒకటుంది. ఇలా ఉండకూడదు అని చూపించడానికి రాసిన పాత్ర అది. తీరా చూస్తే, ఎంతోమంది ప్రేక్షకులు ఆవిడనే ఆదర్శ మాతృమూర్తి అనుకున్నారని తర్వాత చేసిన పరిశోధనల్లో తేలింది. ఏడుపుతో వచ్చిన చిక్కు అదే. ఖండించడానికి చూపించినా చూసేవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది. నలభై ఏళ్ల కిందటే తెలిసిన ఈ సంగతిని తర్వాత వచ్చినవాళ్లు పాఠంగా తీసుకోలేదు, పెట్టుబడిగా తీసుకున్నారు.

1985లో ‘రజని’ వచ్చింది. ప్రియా తెందూల్కర్ వేసిన ఆ గృహిణి చెంగు దోపుకుని ఆఫీసులకి వెళ్లి, ఇదేం పద్ధతని నిలదీసేది. ఆమెకి మొగుడున్నాడు, కూతురుంది, కాపురం బాగానే ఉంది. అయినా అడిగేది. బొంబాయి టాక్సీవాళ్ల మీద ఒక ఎపిసోడ్ వస్తే వాళ్లు ఏకంగా నిరసనకి దిగారు. 1989లో ‘ఉడాన్’. కవితా చౌధరి తానే రాసి, తీసి, వేసింది. పోలీసు అధికారి అయిన తన అక్క కంచన్ చౌధరి భట్టాచార్య జీవితమే దానికి ఆధారం. ఆ అక్కగారు 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు, దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. ఈ రెండు సీరియళ్లలోనూ ‘ఫెమినిజం’ అనే మాట ఎవరూ పలికినట్టు గుర్తులేదు. ఆ అవసరమూ పడలేదు.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. కేబుల్ వైర్లు కరెంటు స్తంభాల మీద నుంచి ఇంటింటికీ పాకాయి. నాలుగైదేళ్లలో వారపు సీరియల్ రోజువారీ సీరియల్ అయింది. ఆడపాత్ర గొంతు నొక్కేసింది ఏ ఒక్క రచయితో కాదు, ఈ మార్పే. లెక్క వేసి చూడండి.

అరగంట స్లాట్‌లో ప్రకటనలూ అవీ పోను కథకి మిగిలేది 20 నుంచి 22 నిమిషాలు. వారానికి ఆరు రోజులు, ఏడాదికి 300 ఎపిసోడ్ల పైచిలుకు. 300ని 22తో హెచ్చవేస్తే 6,600 నిమిషాలు, అంటే 110 గంటలు. 13 వారాల సీరియల్ మొత్తం కలిపినా అయిదు గంటలు దాటదు. అయిదు గంటల్లో ఒక ఆడమనిషి దెబ్బతిని, ఆలోచించుకుని, లేచి నిలబడి, తన దారి తాను చూసుకోగలదు. నూట పది గంటలు సాగాలంటే ఆమె లేవకూడదు. లేచిందంటే కథ అయిపోతుంది. ఏడాది తర్వాత కూడా ఛానల్‌కి కథ కావాలి కాబట్టి, లేవబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు కాలు అడ్డం పెట్టాలి. అందుకే ప్రతి ఇంట్లో ఒక అత్త, ఒక ఆడపడుచు, హీరో మీద కన్నేసిన ఒక మరదలు తప్పనిసరి సామాన్లు.

తీసే పద్ధతి కూడా చూడాలి. హైదరాబాద్‌లో అద్దెకి తీసుకున్న పెద్ద బంగళా, పెద్ద హాలు, మధ్యలోంచి పైకి వెళ్లే మెట్లు. రెండు మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతాయి. రోజుకి దాదాపు ఒక ఎపిసోడ్ తీసేయాలి, కొన్ని ఎపిసోడ్లు ముందే తీసి నిల్వ పెట్టుకోవాలి, దాన్నే ‘బ్యాంకు’ అంటారు. ఆ బ్యాంకు అయిపోవస్తే సీను కాగితం షూటింగ్ పొద్దునే చేతికొస్తుంది. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, మాటలు మరొకరివి. హీరోయిన్లలో చాలామంది కన్నడ అమ్మాయిలు. పక్కనుంచి ప్రాంప్టింగ్ ఇస్తుంటే పెదాలు కదుపుతారు, తర్వాత తెలుగు డబ్బింగ్ ఆర్టిస్టు గొంతు ఇస్తుంది. ఇంతమంది చేతులు మారేసరికి, పాత్రకి నిన్న ఉన్న బుద్ధి ఇవాళ ఉండదు. సోమవారం కంపెనీని నష్టాల్లోంచి గట్టెక్కించిన ఎంబీఏ గోల్డ్ మెడలిస్టు, గురువారం చదవకుండా కాగితం మీద సంతకం పెట్టేస్తుంది.

చెంపదెబ్బనే తీసుకోండి. నిజంగా కొడితే ఒక్క సెకను పని. సీరియల్‌లో చెయ్యి లేచిన దగ్గర ఒకసారి ఆగుతుంది. దెబ్బ మూడు వైపుల నుంచి మూడుసార్లు పడుతుంది, ప్రతిసారీ పిడుగు చప్పుడు. తర్వాత హాల్లో ఉన్న ఎనిమిది మంది ముఖాలు వరసగా. ఒక్కో ముఖాన్ని మూడుసార్లు దగ్గరికి లాగుతారు, ఒక్కో లాగుడికి రెండు సెకన్లు. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు, రెండేసి సెకన్లు చొప్పున 48 సెకన్లు. దెబ్బతో కలిపి నిమిషం గడిచిపోయింది, ఒక్క మాట రాయక్కర్లేదు, రాత్రికి రాత్రి రచయితని లేపక్కర్లేదు. దెబ్బ తిన్న మనిషి చెంప పట్టుకుని ఒక కన్నీటి చుక్క రాలిస్తే ప్రకటనల విరామం. ఆ విరామంలో వచ్చే మసాలాల ప్రకటనలో, బట్టల సబ్బు ప్రకటనలో కనిపించే కోడళ్లు సీరియల్ కోడలికంటే నయం. స్కూటీ నడుపుతారు, మొగుడిచేత వంట చేయిస్తారు.

ఇదంతా టీఆర్పీ కోసమేనని అందరికీ తెలుసు. అది పనిచేసే తీరు మాత్రం చాలామందికి తెలీదు. 2015 నుంచి బార్క్ సంస్థ ఈ అంకెలు ఇస్తోంది. ఎంపిక చేసిన ఇళ్లలో టీవీకి మీటరు పెడతారు, గురువారం నాడు వారం అంకెలు ఛానల్ చేతికొస్తాయి. ఆ అంకె టీవీ ఆ ఛానల్ మీద ఎంతసేపు ఉందో చెబుతుంది. చూసినావిడ మెచ్చుకుందో, ‘ఇదేం ఖర్మే తల్లీ’ అని తిట్టుకుంటూ చూసిందో చెప్పదు. కోడలిని మెట్ల మీద నుంచి తోసిన వారం అంకె పెరిగితే, పై వారం ఇంకో మెట్లు వెతుకుతారు. తిట్టడం కూడా చూడటం కిందే జమ. గుంటూరు బ్రాడీపేటలోనో బెజవాడ సత్యనారాయణపురంలోనో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ‘దీనికి నోరు లేదా వదినా, ఒక్క మాట చెబితే అయిపోయేదిగా’ అని పక్కింటావిడతో అనే మనిషి అమాయకురాలేం కాదు. లోపం ఎక్కడుందో ఆవిడ సరిగ్గానే పట్టుకుంది. మీటరుకి ఆ మాట వినపడదు.

ఒక్క మాటతో అయిపోయే కథకి పెద్ద ఉదాహరణ ‘కార్తీకదీపం’ సీరియల్‌లో అందరికీ తెలిసిన వంటలక్కదే. 2017లో మొదలై 2023 జనవరి దాకా, పదిహేను వందల ఎపిసోడ్లు దాటి నడిచింది. మలయాళ సీరియల్‌కి రీమేక్. భర్త మామూలువాడు కాదు, గుండె డాక్టరు. తనకి పిల్లలు పుట్టరన్న ఒక తప్పుడు రిపోర్టు పట్టుకుని భార్యని అనుమానించాడు. ఆ పరీక్ష ఇంకో ల్యాబ్‌లో మళ్లీ చేయించుకోవడం ఒక పూట పని. డీఎన్‌ఏ పరీక్షకి చెంప లోపలి తడి, దూది పుల్లకి అంటితే చాలు. వైద్యం చదివినవాడికి ఇవి తెలియవంటే నమ్మలేం, అయినా ఏళ్ల తరబడి నమ్మాం. నల్లటి పిల్లని హీరోయిన్ చేశామని చెప్పుకున్న సీరియల్‌లో ఆ నలుపు కూడా మేకప్ డబ్బాలోదే. నిజంగా ఛాయ తక్కువున్న అమ్మాయికి ఆ వేషం ఇవ్వొచ్చుగా అని అడిగినవాళ్లు తక్కువ. అయినా వంటలక్కని ఇక్కడి ఆడవాళ్లు ఎందుకు అంతగా అభిమానించారో అర్థం చేసుకోవచ్చు. మొగుడు కాదన్నా గరిటె పట్టుకుని సొంతంగా సంపాదించుకుంది, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఆ ముక్క నిజం. చుట్టూ పేర్చిన మిగతాదంతా ఆ నిజాన్ని సాగదీయడానికి పోసిన నీళ్లు.

ఇక తెర మీద ‘ఫెమినిస్టు’. ఆవిడ వేషం అన్ని ఛానళ్లలోనూ ఒకటే. చేతుల్లేని జాకెట్టు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, నల్ల కళ్లద్దాలు, చేతిలో పెద్ద ఫోను. విడాకులు తీసుకుని ఉంటుంది, లేదా ఇంకొకరి చేత తీయిస్తూ ఉంటుంది. మహిళా సంఘం అధ్యక్షురాలంటారు, ఆ సంఘంలో ఇంకో మనిషి కనపడదు. ‘మగాళ్లంతా ఇంతే’ అనే ఒక్క డైలాగు ఆవిడ సిద్ధాంతం మొత్తం. నెల తిరక్కుండా ఆవిడ కుట్ర బయటపడుతుంది, హీరోయిన్ పసుపు తాడు కళ్లకద్దుకుని సంసారం గొప్పతనం మీద నాలుగు నిమిషాల ఉపన్యాసం ఇస్తుంది, హాల్లో ఉన్న మగవాళ్లంతా చప్పట్లు కొడతారు.

ఈ వేషం రాసేవాళ్లు గుంటూరు చరిత్ర కాస్త తిరగేసినా బాగుండేది. ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు, లక్ష్మీనారాయణ గారు 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టింది ఆడపిల్లలకి చదువు, చేతిపని నేర్పడానికి. లక్ష్మీబాయమ్మ గారు ఖద్దరు కట్టి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకి వెళ్లొచ్చిన మనిషి. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు ‘గృహలక్ష్మి’ పత్రికలో శారద అనే ఆవిడ స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో ఆడవాళ్ల సమస్యలన్నీ చర్చించారు. బాల్యవివాహాల మీద శారదా చట్టం వచ్చిన కాలం అది. నిండుగా చీర కట్టి, పెద్ద బొట్టు పెట్టుకునే మనుషులు వీళ్లు. స్త్రీవాదం అనే మాటని తెలుగు సాహిత్యంలో స్థిరపరిచిన వాళ్లలో ముందు చెప్పుకునే ఓల్గా గారు పుట్టిందీ గుంటూరులోనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వద్దని లేచిన ఆడవాళ్లలో ఎక్కువమందికి అప్పుడప్పుడే అక్షరాలు వస్తున్నాయి. మరుసటేడు అక్టోబరుకి రాష్ట్రంలో సారా ఆగింది. వీళ్లెవరికీ నల్ల కళ్లద్దాలు లేవు.

సీరియల్‌లో కనపడని ఇంకో ఆడవాళ్లున్నారు. ఎండాకాలం ముందు గుంటూరు యార్డుకి మిర్చి వచ్చి పడేటప్పుడు, కోల్డ్ స్టోరేజీల దగ్గర బారులు తీరి కూర్చుని తొడిమలు తీసేది వాళ్లే. ముక్కుకి, నోటికి గుడ్డ కట్టుకుంటారు. వేళ్ల మంటకి కొబ్బరినూనె రాస్తారు. కిలోల లెక్కన కూలి, సాయంత్రం తూకం దగ్గర మేస్త్రీ కాటాలో తేడా చేస్తే అక్కడే నిలదీస్తారు. ఇంటికెళ్లి అన్నం వండి, డ్వాక్రా వాయిదా లెక్క చూసుకుని, తర్వాత టీవీ పెడితే అందులో కోటీశ్వరుల కోడలు ‘నాకెవరూ లేరు’ అని మెట్ల కింద కూర్చుని ఏడుస్తూ ఉంటుంది.

చట్టాల దగ్గర మాత్రం నవ్వి ఊరుకోవడానికి లేదు, ఎందుకంటే సీరియల్ చూసి అదే చట్టం అనుకునేవాళ్లు నిజంగా ఉన్నారు. హీరో కోపంతోనో, పందెం కోసమో గుళ్లో బలవంతంగా తాళి కడతాడు. ఆ పిల్ల ‘మెడలో తాళి పడింది, ఇక నా బతుకు ఈయనతోనే’ అంటుంది. దీన్ని ప్రేమకథగా వందల ఎపిసోడ్లు నడుపుతారు. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం బలవంతం మీద జరిగిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుని అడగొచ్చు. ఆ బలవంతం తొలగిన ఏడాదిలోపు అడగాలి, తొలగాక ఇష్టపూర్వకంగా అతనితో కాపురం చేసి ఉండకూడదు. అలాగే మొదటి భార్య ఉండగా, విడాకులు లేకుండా చేసుకున్న రెండో పెళ్లి చట్టం ముందు పెళ్లే కాదు. అది నేరం, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. సీరియల్‌లో ఇద్దరు భార్యలూ ఒకే వంటింట్లో కాఫీ కలుపుతుంటారు, హీరో పాపం నలిగిపోతుంటాడు.

ఆస్తి సంగతి ఇంకా ఘోరం. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టిన సాయంత్రానికే ఇల్లు విలన్ పేరు మీదకి మారిపోతుంది. స్థిరాస్తి దానంగా ఇవ్వాలంటే దస్తావేజు రాయాలి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు కావాలి. ఫొటోలు, వేలిముద్రలు కూడా ఉంటాయి. పుట్టింటి ఆస్తి అడిగిన ఆడపడుచుని రాక్షసిగా చూపించడం మరీ దారుణం. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలందరికీ అది వర్తించింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు ముందున్న రాష్ట్రంలో కూర్చుని, వాటా అడిగిన ఆడది కొంపలు కూల్చేదని రాస్తున్నారు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు అన్నదమ్ముల పేరు మీదే ఉండిపోయిన ఇళ్లు కృష్ణాకి అటూ ఇటూ ఎన్నో ఉన్నాయి. అక్కడ బోలెడంత కథ ఉంది, రాసేవాళ్లు లేరు.

మార్చి 8 వచ్చిన వారం మాత్రం అన్ని ఛానళ్లకీ ఆడవాళ్ల మీద ప్రేమ పొంగుతుంది. హీరోయిన్ కొంగు బిగించి రౌడీలని తంతుంది, ప్రోమోలో మహిషాసుర మర్దని సంగీతం. పైవారం సోమవారానికి మళ్లీ కాఫీ ట్రే. సాటి ఆడవాళ్లు తీసినవాటిలో మంచివి లేకపోలేదు. దర్శకురాలు మంజులా నాయుడు గారి లాంటి వాళ్లు పెద్ద కుటుంబ కథల్లో కూడా ఆడపాత్రకి ఒక ఆలోచన, ఒక ఉద్యోగం, ఒక కోపం ఉంచగలిగారు. అంటే రోజువారీ సీరియల్‌లో అసలు కుదరదని కాదు. కష్టం, అంతే.

రోజూ వచ్చే ఒక సీను తీసుకుని ఎలా కుదురుతుందో చూద్దాం. రాత్రిపూట, వాన. అత్త సూట్‌కేసు గుమ్మం బయటికి విసిరి ‘నడువ్ నా ఇంట్లోంచి’ అంటుంది. కోడలు ‘అత్తయ్యా, నేనే తప్పూ చేయలేదు’ అని కాళ్ల మీద పడుతుంది. మొగుడు గోడకేసి చూస్తుంటాడు. ఇప్పుడు రాసేది ఇంతే.

2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు కోడలికి ఉంది. ఇల్లు ఆమె పేరున లేకపోయినా ఉంది. అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా సరే, అందులో కాపురం చేసి ఉంటే ఆ హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె 181కి ఫోన్ చేయొచ్చు. రక్షణ అధికారి వచ్చి జరిగినదంతా రాసుకుంటారు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకి ఉచితంగా లాయరుని ఇస్తారు. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లోపు మేజిస్ట్రేటు మొదటి విచారణ పెట్టాలి, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఇంట్లో ఉండనివ్వమనీ, ఖర్చులకి ఇంత ఇవ్వమనీ, ఆమె నగలు, సామాను తిరిగివ్వమనీ ఆ కోర్టే చెప్పగలదు.

కాబట్టి మర్నాటి ఎపిసోడ్‌లో కోడలు వాన ఆరిన చీరతో, రక్షణ అధికారిని వెంటబెట్టుకుని గేటు తీస్తుంది. ‘అత్తయ్యా, ఈ ఇంట్లో ఉండే హక్కు నాకుంది. మీరు కాదంటే ఆ మాట మేజిస్ట్రేట్ గారి ముందు చెప్పండి’ అంటుంది. అత్త ముఖం, ఆడపడుచు ముఖం, గోడకేసి చూసే మొగుడి ముఖం మూడేసి సార్లు దగ్గరికి లాక్కోండి, ఎవరొద్దన్నారు. 60 రోజులంటే వారానికి ఆరు చొప్పున యాభై ఎపిసోడ్ల పైమాటే. మన కోర్టుల్లో వాయిదాలు అంతకంటే ఎక్కువే పడతాయి, కాబట్టి కథకి కొరతేం రాదు.